ఆంధ్ర మహాసభ కథను ముక్కలు చేయకండి

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల చరిత్ర పాఠ్యపుస్తకాల రచయితలకు, సంపాదకులకు బహిరంగ లేఖ

ఆర్యులారా,

పోటీ పరీక్షలకు చదివే ఏ విద్యార్థిని అడిగినా నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభల జాబితా గడగడా అప్పజెబుతాడు. 1930 జోగిపేట, సురవరం ప్రతాపరెడ్డి. 1931 దేవరకొండ, బూర్గుల రామకృష్ణారావు. 1934 ఖమ్మం, పులిజాల వెంకటరంగారావు. ఇలా 1944 భువనగిరి, రావి నారాయణరెడ్డి దాకా. ఏడు, ఊరు, అధ్యక్షుడి పేరు తప్పుపోవు. అయితే సర్కారు అనుమతి తీసుకుని జోగిపేటలో వినయంగా తీర్మానాలు చేసిన సంస్థ పద్నాలుగేళ్లలో దొరల గడీలకు ఎదురు నిలిచే సంఘంగా ఎట్లా మారిందని అడిగితే అతని దగ్గర జవాబుండదు. ఆంధ్ర అన్న పేరు పెట్టుకుని పుట్టిన ఉద్యమానికి తొలినాళ్లలో అధ్యక్షత వహించినవారిలోనే కొందరు తరవాతి కాలంలో ప్రత్యేక తెలంగాణ కావాలని ఎందుకు అన్నారని అడిగితే అసలే ఉండదు. తప్పు విద్యార్థిది కాదు. మనం అతనికి జాబితా ఇచ్చాం గాని, ఒక సభకూ మరో సభకూ మధ్య ఏం జరిగిందో చెప్పలేదు.

ఈ కథ ముక్కలు కావడానికి కారణం తెలిసిందే. మహాసభకు వారసులమనుకునేవారు పలువురు. భాషాభిమానులకు గ్రంథాలయాలు, గోలకొండ పత్రిక, మాడపాటి హనుమంతరావు గుర్తొస్తారు. వారి కథ 1930ల నడుమ ఆగిపోతుంది. కమ్యూనిస్టులకు అసలు కథ భువనగిరిలో మొదలై 1951 అక్టోబరులో సాయుధ పోరాట విరమణతో ముగుస్తుంది. కాంగ్రెస్ వైపు నుంచి చూసేవారికి మహాసభ అంతా హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్‌కు తొలిమెట్టు. తెలంగాణవాదులు వెట్టికీ దొరతనానికీ ఎదురు తిరిగిన చరిత్రగా దాన్ని గర్వంగా తలచుకుంటారు గాని, దాని పేరులోని మొదటి మాట దగ్గర ఇబ్బంది పడతారు. ఎవరికి కావలసిన భాగం వారు తీసుకోవడం రాజకీయాల్లో సహజం. పాఠ్యపుస్తకం ఆ పని చేయకూడదు. నేను చెప్పదలచింది ఇది: ఒక సంస్థ మారిందంటే అది దారి తప్పిందనో, ఎవరో దాన్ని కాజేశారనో అనుకోనక్కరలేదు. ఎవరి పేరు మీద అది ఇన్నాళ్లూ మాట్లాడుతున్నదో ఆ జనం నిజంగా లోపలికి వచ్చినప్పుడు అది మారక తప్పదు. దానితోపాటే ఆ పేరుతో తమను తాము పిలుచుకున్న వారి గుర్తింపు కూడా మారుతుంది. ఈ సంగతిని పిల్లలకు అర్థమయ్యేట్టు చెప్పడానికి మన చరిత్రలో నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభను మించిన ఉదాహరణ నాకు కనబడదు.

1921 నవంబరులో హైదరాబాద్ వివేకవర్ధని థియేటర్‌లో సంఘ సంస్కార సభ జరిగింది. మహర్షి కార్వే అధ్యక్షులు. ఇతర భాషల ప్రసంగాలను సభ సాంతం విన్నది. ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడటానికి లేచేసరికి చప్పట్లు చరిచి, గోల చేసి ఆయనను కూర్చోబెట్టారు. ఆ రాత్రే టేకుమాల్ రంగారావు ఇంట్లో కొద్దిమంది చేరి ఆంధ్ర జనసంఘాన్ని స్థాపించారు. అప్పటి నిజాం రాజ్య జనాభాలో తెలుగువారు సగానికి దగ్గరగా ఉన్నారు. అయినా పాలన ఉర్దూలో సాగేది. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువు ఉర్దూలోనే. నగరంలో సభలూ సంఘాలూ నడిపే విద్యావంతుల్లో మరాఠీవారి మాటే చెల్లేది. అటువంటి చోట ఆంధ్ర అన్న పేరు పెట్టుకోవడమంటే మేమూ ఉన్నాం, మాకూ ఒక భాష ఉంది, దానిలో నిలబడి మాట్లాడతాం అని చెప్పడం. మదరాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాలతో ఒకే రాష్ట్రంగా కలవాలన్న కోరిక ఆ రాత్రి చేరినవారి ముందున్న పని కాదు. తరవాత వచ్చిన గొడవల కళ్లతో చూసి ఆ పేరుకు ఇవాళ్టి అర్థాన్ని అంటగట్టడం వారికి చేసే అన్యాయం.

తొలి పదేళ్లలో సంఘం ఎత్తుకున్న పనులు చూస్తే దానిలోని మనుషులెవరో తెలుస్తుంది. వకీళ్లు, ఉపాధ్యాయులు, వర్తకులు, చదువుకున్న పటేల్ పట్వారీలు, కొందరు భూస్వాములు. 1901లో పుట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వేసిన బాటలో ఊరూరా గ్రంథాలయాలు పెట్టించారు. శాసనాలు, తాళపత్రాలు వెతికారు. 1926లో సురవరం గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. 1928లో మాడపాటి నారాయణగూడలో ఆడపిల్లలకు తెలుగు మాధ్యమంలో బడి తెరిచారు. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక వెలువడింది. ఒక సభ పెట్టాలన్నా ముందు సర్కారు అనుమతి కావాలి. గస్తీ నిషాన్ 53గా పేరుపడ్డ ఉత్తర్వు అందుకే వచ్చింది. రాజకీయాలు మాట్లాడబోమని మాటిస్తే తప్ప అనుమతి రాని రోజుల్లో ఇంత పని చేయడాన్ని పిరికితనమని కొట్టిపారేసేవారున్నారు. నేను ఒప్పుకోను. తరవాత సంఘంలో చేరిన యువకులు చాలామంది ఆ గ్రంథాలయాల్లో చదువుకున్నవారే, ఆ పత్రికను చూసి మొదటిసారి తమ ఊరి బాధకు అచ్చు రూపం ఉంటుందని తెలుసుకున్నవారే.

ఇక వెట్టి సంగతి. పుస్తకాల్లో అతి తక్కువ చోటు దొరికేది దీనికే, అతి ఎక్కువ చెప్పవలసిందీ దీని గురించే. వెట్టిచాకిరీ మీద మొదట నోరు విప్పింది కమ్యూనిస్టులని చాలామంది అనుకుంటారు. ఆంధ్ర జనసంఘం 1920లలోనే వెట్టి గురించి చిన్న పుస్తకాలు అచ్చువేసి పంచింది. ఏ జబర్దస్తీకి సర్కారు ఫర్మానాల్లో చోటు లేదో, ఏ అధికారి ఏ సరుకుకు ఎంత వెల కట్టివ్వాలో వాటిలో చెప్పింది. ఆ జనసంఘమే 1930లో ఆంధ్ర మహాసభగా మారి సభలు మొదలయ్యాక వెట్టిని రద్దు చేయాలన్న తీర్మానం పదేపదే వచ్చింది. తీర్మానంలో లోపం లేదు. అయితే ఆ వేదిక మీద కూర్చున్నవారిలో కొందరి ఇళ్లలో, వారి బంధువుల ఇళ్లలో వెట్టి నడుస్తూనే ఉంది. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, మాల, గొల్ల కుటుంబాలు దొర ఇంటికి, అమీనుకు, తహశీల్దారుకు కూలి లేకుండా చాకిరీ చేస్తూనే ఉన్నాయి. వారి కోసం సభలో మాట్లాడేవారున్నారు. సభలో వారు లేరు. సభ్యత్వ రుసుము రూపాయి. ఊళ్లో కూలీకి రూపాయి అంటే ఎంతో ఊహించుకోవచ్చు. ఆ రుసుమును నాలుగణాలకు తగ్గించడం మహాసభ చరిత్రలోని పెద్ద మలుపుల్లో ఒకటని నేనంటాను. దాన్ని చిన్న పాలనా సవరణగా చూసి దాటవేయడం వల్లనే తరవాత జరిగింది మనకు వింతగా కనిపిస్తుంది. నాలుగణాల చీటీ చేతికొచ్చాక పాలేరు, కౌలుదారు, చేతివృత్తులవాడు సంఘంలో మనిషి అయ్యాడు. వెట్టి రద్దు కావాలని అంతకుముందు కోరింది సభ. ఇప్పుడు వెట్టి చేసేవాడే రేపటి నుంచి చేయనన్నాడు. పల్లెల్లో జనం మహాసభను సంఘం అని పిలవడం మొదలుపెట్టారు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పంటను విసునూరు దేశముఖు మనుషులు కోసుకుపోకుండా అడ్డుపడింది ఆ సంఘమే. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగింది ఆ సంఘం ఊరేగింపులోనే. మొదటి తీర్మానాలకూ కడవెండికీ మధ్య కోరిక మారలేదు. కోరేవారు మారారు, దానితో అంతా మారింది.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది. భువనగిరిలో జరిగింది సహజమైన మార్పు కాదని, ఒక క్రమశిక్షణ గల పార్టీ పథకం ప్రకారం సంస్థను చేజిక్కించుకున్నదని చాలామంది రాశారు. పాతతరం నాయకులు ఆ సభకు దూరంగా ఉన్నారన్నది నిజం. జాతీయవాదులు వేరుగా మహాసభ జరుపుకుని, 1946లో కందిలో చివరి సమావేశం తరవాత స్టేట్ కాంగ్రెస్‌లో కలిసిపోయారన్నదీ నిజం. కమ్యూనిస్టులు సంస్థలో పట్టు కోసం ప్రయత్నించలేదని నేను చెప్పను. అయితే పార్టీ పట్టు ఒక్కటే చాలినట్టయితే సంస్థ వేదిక మీద మారి పల్లెలో చచ్చిపోయి ఉండేది. జరిగింది దానికి తలకిందులు. సంఘం పల్లెల్లోనే పెరిగింది. రావి నారాయణరెడ్డినే చూడండి. భూస్వామి కుటుంబంలో పుట్టి, హరిజన సేవక సంఘంలో పనిచేసి, 1938లో స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహంలో జైలుకు వెళ్లి, 1941లో చిలుకూరు మహాసభకు అధ్యక్షుడై, తరవాత కమ్యూనిస్టుగా భువనగిరి సభను నడిపినవాడు. గాంధేయవాదం, కాంగ్రెస్, మహాసభ, కమ్యూనిజం ఒకే మనిషి జీవితంలో ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. బయటివారు వచ్చి కాజేశారన్న మాటలో ఈ మనిషి ఇమడడు. పాతతరం దూరం జరగడంలో కూడా ఒక నిజాయితీ ఉంది. తమ దారి చట్టబద్ధమైన సంస్కరణల దారి అని వారు నమ్మారు, అక్కడే నిలబడ్డారు. ఇద్దరినీ పాఠంలో గౌరవంగా చెప్పవచ్చు. ఒకరిని ద్రోహులుగా, మరొకరిని దొంగలుగా చూపకుండానే చెప్పవచ్చు.

మార్పు అంతా ముందడుగేనని చెప్పినా తప్పవుతుంది. జోగిపేటలో మహాసభతోపాటు నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన ఆంధ్ర మహిళాసభ జరిగింది. తరవాతి సభల వెంట కూడా మహిళాసభలు సాగాయి. సాయుధ పోరాటం వచ్చేసరికి ఆడవాళ్లు దళాల్లో నడిచారు, ఉత్తరాలు మోశారు, తుపాకి పట్టారు. పోరాటం ఆగాక వారిలో చాలామందిని ఇళ్లకు వెళ్లి సంసారాలు చూసుకోమన్నారు. స్త్రీశక్తి సంఘటన అన్న మహిళా బృందం వారి మాటలు సేకరించి ‘మనకు తెలియని మన చరిత్ర’ అన్న పుస్తకంగా 1986లో వెలువరిస్తే గాని ఆ బాధ లోకానికి తెలియలేదు. సంస్థ తలుపు ఒకసారి తెరిస్తే ఇక మూయబడదన్న నమ్మకం ఎవరికైనా ఉంటే ఆ పుస్తకం చదవాలి. దళితుల సంగతీ అటువంటిదే. 1917లో బెజవాడలో జరిగిన పంచముల సభకు అధ్యక్షుడిగా వెళ్లిన హైదరాబాద్ నాయకుడు భాగ్యరెడ్డి వర్మ పంచమ అన్న పేరునే కాదన్నారు. సభ ఆది ఆంధ్ర సభ అయింది. ఈ నేలకు మొదటి మనుషులం మేమేనని వారు అన్నారు. అంటే ఆంధ్ర జనసంఘం పుట్టడానికి నాలుగేళ్ల ముందే ఆ పేరులో తమకు దక్కవలసిన చోటు దక్కలేదని గట్టిగా చెప్పినవారున్నారు. ఈ రెండు కథలనూ పక్కపక్కన పెట్టిన పాఠం మన పిల్లలకు అందాలి.

ఇప్పుడు అందరూ తప్పించుకు తిరిగే ప్రశ్నకు వస్తాను. కొండా వెంకట రంగారెడ్డి 1922లో ఆంధ్ర జనసంఘం తొలి సమావేశానికి అధ్యక్షత వహించారు. 1936లో షాద్‌నగర్, 1943లో హైదరాబాద్ ఆంధ్ర మహాసభలకు అధ్యక్షులయ్యారు. 1950ల నడుమ రాష్ట్రాల పునర్విభజన చర్చ వచ్చినప్పుడు తెలంగాణ వేరు రాష్ట్రంగా ఉండాలన్నారు. 1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందం మీద తెలంగాణ పక్షాన సంతకం చేసినవారిలో ఆయన కూడా ఉన్నారు. ఉమ్మడి రాష్ట్రంలో ఉపముఖ్యమంత్రిగా పనిచేశారు. 1969లో మళ్లీ ప్రత్యేక రాష్ట్రం వైపు నిలిచారు. ఈయనను మాట మార్చిన మనిషి అని తీసిపారేయడం తేలిక. 1922లో ఆయన ఎదుట ఉన్నది తెలుగును చిన్నచూపు చూసే ఉర్దూ పాలన. 1952లో ముల్కీ ఆందోళన నాటికి, ఆ తరవాత ఉమ్మడి రాష్ట్రంలో ఉద్యోగాల వాటా, నిధుల వాటా తగాదాలైన నాటికి, ఎదుట ఉన్నది అదే భాష మాట్లాడే, ముందే ఇంగ్లీషు చదువులు అందుకున్న మరో ప్రాంతం. భాష పంచుకోవలసిన చోట ఆయన ఆంధ్రుడు. కొలువులూ నీళ్లూ పంచుకోవలసిన చోట తెలంగాణవాడు. రెండూ నిజమే, రెండిటికీ కారణాలు కాగితం మీద ఉన్నాయి. మాడపాటి తన ఉద్యమ చరిత్రకు తెలంగాణా ఆంధ్రోద్యమము అని పేరు పెట్టారు. ఆయనకు ఆ రెండు మాటల మధ్య తగవు కనబడలేదు. ఆయన తరవాత వచ్చిన తరానికి కనబడింది. ఆ నడిమి కాలంలో ఏం జరిగిందన్నదే పాఠం కావాలి.

తెలంగాణ పుస్తకంలో ఇదంతా రాస్తే ప్రత్యేక రాష్ట్ర సాధనకు ఆధారమైన అస్తిత్వం బలహీనపడుతుందని కొందరు భయపడతారు. గుర్తింపు మారేదే అయితే అది ఉత్తుత్తిదేనని ప్రత్యర్థులు అంటారన్నది ఆ భయం. మారేవన్నీ అబద్ధాలు కావు. 1921లో తెలుగు మాట్లాడబోయిన మనిషికి జరిగిన అవమానం ఎంత నిజమో, 1969లో ఉద్యోగం దక్కని యువకుడి కోపమూ అంతే నిజం. అనాదిగా మేమింతే అని చెప్పే గుర్తింపును ఒక పాత కరపత్రం చూపి ఎవరైనా ఇరుకున పెట్టవచ్చు. మాకు ఇది జరిగింది కనుక మేము ఇలా అయ్యాం అని చెప్పేదాన్ని అలా పెట్టలేరు. 2014 జూన్ 2 వెనుక ఉన్న కారణాలు జోగిపేట పేరు వింటే కరిగిపోయేంత పలచనివి కావు.

ఆంధ్రప్రదేశ్ పుస్తకాలు రాసేవారికి వేరే మాట చెప్పాలి. అక్కడి విద్యార్థికి ఆంధ్ర మహాసభ అంటే 1913లో బాపట్లలో మొదలైనది. అది మదరాసు రాష్ట్రపు తెలుగు జిల్లాల సంస్థ, ప్రత్యేకాంధ్ర కోరిన సంస్థ. నిజాం రాజ్యంలోని మహాసభ వేరు. పేర్లు ఒకటైనా పుట్టుక వేరు, ఎదుటి ప్రభుత్వం వేరు, చివర వేరు. ఒకటి 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రంగా ఫలించింది. మరొకటి రైతాంగ పోరాటమైంది. కోస్తా, రాయలసీమ పిల్లలకు తెలంగాణ కథ పొరుగు రాష్ట్రపు కథగా కాక, తమ పేరునే మరో ప్రభుత్వం కింద మోసినవారి కథగా అందాలి. 2014 తరవాత పుస్తకాల్లో గీత గీసుకుని ఎవరి వైపు వారు రాసుకుంటే, కృష్ణకు అటూ ఇటూ ఉన్న పిల్లలు ఒకరి గురించి ఒకరు విన్న పుకార్లతోనే పెరుగుతారు.

పదో తరగతి పిల్లలకు ఇంత చిక్కు విషయం ఎక్కుతుందా అని అడుగుతారు. ఆ పిల్లలు తమ ఇళ్లలో తాత ఒక పార్టీ, తండ్రి ఒక పార్టీ, తాము మరొకటిగా ఉండటం రోజూ చూస్తూనే ఉన్నారు. కులసంఘాలు, రైతుసంఘాలు, స్వయంసహాయక బృందాలు తమ కళ్లెదుటే రూపం మార్చుకోవడం చూస్తున్నారు. వారికి చిక్కు ఎక్కువ కావడం వల్ల కష్టం లేదు, కారణాలు చెప్పకుండా తేదీలు చెప్పడం వల్ల కష్టం. రాజకీయం వద్దు, చరిత్ర చాలు అనేవారికీ ఒక మాట. రుసుము రూపాయి నుంచి నాలుగణాలకు ఎందుకు తగ్గిందో చెప్పడం రాజకీయమైతే, దాన్ని చెప్పకపోవడం కూడా రాజకీయమే.

అందువల్ల మిమ్మల్ని కోరేది స్పష్టంగా చెబుతాను. రెండు రాష్ట్రాల తరవాతి పుస్తకాల్లోనూ 1921 నుంచి 1956 దాకా ఈ సంస్థ కథను ఒకే అధ్యాయంగా రాయండి. సభల జాబితాను అనుబంధంలోకి పంపి, ఆ చోట మూలాలను పెట్టండి: జనసంఘం వెట్టి కరపత్రంలోంచి ఒక పేజీ, జోగిపేట తీర్మానాలు, భువనగిరి తీర్మానాలు, గోలకొండ పత్రిక సంపాదకీయం ఒకటి, మహిళాసభ అధ్యక్షోపన్యాసంలోంచి కొంత, పెద్దమనుషుల ఒప్పందం పాఠం. మాడపాటి రాసిన చరిత్రలోంచి ఒక భాగం, రావి నారాయణరెడ్డి జ్ఞాపకాల్లోంచి ఒక భాగం పక్కపక్కన అచ్చువేసి, ఈ ఇద్దరూ ఎక్కడ కలిశారు, ఎక్కడ విడిపోయారు అని విద్యార్థిని అడగండి. వీలైతే రెండు రాష్ట్రాల రచయితలు ఈ ఒక్క అధ్యాయం కోసం ఒకచోట కూర్చోండి. కాగితాలు చాలా వరకు హైదరాబాద్‌లోనే ఉన్నాయి, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం సుల్తాన్ బజార్‌లో ఇంకా తెరిచే ఉంది. పని అక్కడ మొదలుపెట్టండి.

ఇట్లు,
మీ పుస్తకాల పాఠకుల్లో ఒకరు